రేవులో తిన్న హల్వా

మా బావ వంట మేస్త్రి. పర్చూరు చుట్టుపక్కల ముప్పై ఏళ్ళకి పైగా పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ, పెద్దకర్మలకీ గాడిపొయ్యి తవ్వించేది ఆయనే. ఆయనకి ఒక పద్ధతి ఉంది. వండేటప్పుడు రుచి చూడడు. పొయ్యి సెగలో నిలబడ్డవాడి నాలిక మొద్దుబారిపోతుందనీ, దాన్ని నమ్మి ఉప్పు వేస్తే ఊరంతా నీళ్ళ బిందెల చుట్టూ తిరగాల్సి వస్తుందనీ ఆయనకి పని నేర్పిన పెద్దాయన చెప్పాడట. అందుకని వాసన పడతాడు, గరిటె ఎత్తి జారుడు చూస్తాడు, చివరికి ఒక చుక్క పక్కనున్న మనిషి అరచేతిలో వేస్తాడు. ఆ మనిషి నాకి, ఉప్పు చాల్లేదనో సరిపోయిందనో చెప్పాలి. బావ మా అక్కని చేసుకున్న ఏడాది నుంచీ ఆ అరచెయ్యి నాదే.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పత్తి విత్తనాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఏజెంటుని. మనుషుల్ని కూర్చోబెట్టి మాటల్లో పెట్టడం నా బతుకుతెరువు. ఆ పని చిన్నప్పటినుంచీ ఉచితంగా కూడా చేస్తూనే ఉన్నాను. మా చేలో కాసిన మిరపకాయని కొరికిన కాకి ఇప్పటికీ కిందికి దిగకుండా ఎగురుతూనే ఉందని దర్శిలో చెబితే, ఒకాయన తలెత్తి ఆకాశం వంక చూశాడు. తుఫానులో కొట్టుకుపోయిన మా గేదె నాలుగో రోజుకి బాపట్ల నుంచి దూడతో సహా బస్సెక్కి వచ్చిందంటే, దూడకి అర టిక్కెట్టేనా అని అడిగారు గాని అబద్ధమని ఎవరూ అనలేదు. జనానికి తెలుసు. తెలిసే వింటారు. మా బావకి మాత్రం తెలిసేది కాదు. ఆయన ఎదుటివాడి మాటని కొలిచి వేసిన ఉప్పులాగా తీసుకుంటాడు. వేశానంటే వేసినట్టే.

ఒక్క ఉప్పు విషయంలో మాత్రం నేను ఆయనకి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అంతవరకు నాకు నేను సర్టిఫికెట్టు ఇచ్చుకోగలను.

కిందటేడు మూఢం రోజుల్లో ఆయన నాలిక పక్కన ఉన్న పుండు మానడం లేదని అక్క గుంటూరు తీసుకెళ్ళింది. పొయ్యి దగ్గర బుగ్గన పొగాకు కాడ పెట్టుకోవడం ఆయన అలవాటు. మా వైపు అదేమంత వింత కాదు, ఇంటి చుట్టూ ఎండేది అదే. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చాక, క్యాన్సరు, నాలిక సగానికి పైగా తీసెయ్యాలన్నాడు. పై సోమవారం వచ్చి చేరమన్నాడు. తర్వాత మాట ఏ మేరకు వస్తుందో, రుచి ఏ మేరకు తెలుస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

శుక్రవారం పొద్దున్నే బావ నాకు ఫోన్ చేశాడు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

"ఒరేయ్, రేపు కారు తీసుకుని రా. బందరు పోదాం. నాలిక ఉండగానే ఆ తక్కువైందేదో కనుక్కోవాలి."

నేను వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదనుంచి లేవలేదు.

ఆ తక్కువైందేదో ఈ లోకంలో తెలిసిన మనిషి లేడు. ఎందుకంటే దాన్ని పుట్టించింది నేను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. డిప్లొమా సీటు కోసం బందరు వెళ్తున్నాను. బావ అప్పుడప్పుడే సొంతంగా వంటలు ఒప్పుకుంటున్నాడు. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, తేరనిచ్చి, నెయ్యి పైకి తేలేదాకా గంటలకొద్దీ తిప్పి హల్వా చేశాడు. నల్లగా, అద్దంలాగా, వేలితో నొక్కితే వేలి వెంట పైకి లేచేట్టు ఉంది. దాన్ని అరటాకులో చుట్టి, పైన పేపరు చుట్టి నా చేతికిచ్చాడు. బందరులో హల్వాకి పేరున్న కొట్టు ఒకటుంది, ఆ కొట్టు పెద్దాయనకి ఇది పెట్టి ఏమంటాడో కనుక్కుని రమ్మన్నాడు. ఏమంటే అదే చెప్పు, తిట్టినా చెప్పు, అన్నాడు.

అప్పటికి కృష్ణ మీద వంతెన లేదు. పెనుమూడి రేవులో పడవ కోసం కూర్చోవాలి. నాతోపాటు ఇంకో ఇద్దరు సీటు కోసం వచ్చే కుర్రాళ్ళు ఉన్నారు. ఎండ, ఆకలి. పడవ అవతలి ఒడ్డున ఉంది. పొట్లం నుంచి నెయ్యి పేపరు మీదికి ఊరుతోంది. కొంచెం రుచి చూద్దామని విప్పాం. పడవ వచ్చేసరికి అరటాకు నాకుతున్నాం.

సీటు రాలేదు. తిరిగొచ్చాక బావ వాకిట్లోనే అడిగాడు, ఏమన్నాడని. తిన్నానని చెబితే ఏమయ్యేది? నాలుగు తిట్టేవాడు, మళ్ళీ చేసేవాడు. కానీ నాకు నోరు తెరిస్తే కథే వస్తుంది. ఆ పెద్దాయన కళ్ళు మూసుకుని చప్పరించాడనీ, చాలాసేపు మాట్లాడలేదనీ, "బాగానే ఉందయ్యా, ఒక్కటి తక్కువైంది. అది నోటితో చెప్పేది కాదు, చేసినవాణ్ణి రమ్మను, దగ్గరుండి చూపిస్తా" అన్నాడనీ చెప్పాను. బావ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాకు ముచ్చటేసింది. అంత బాగా కుదిరిన కథ అంతకు ముందు నేను చెప్పలేదు.

ఆయన బందరు వెళ్ళలేదు. తనంతట తను కనుక్కుని, అప్పుడు వెళ్ళి చూపిస్తానన్నాడు. ప్రతి మూఢంలోనూ, పెళ్ళిళ్ళు లేక పొయ్యి చల్లారి ఉన్న రోజుల్లో, హల్వా చేసేవాడు. ఒకసారి గోధుమలు మార్చాడు, ఒకసారి నెయ్యి, ఒకసారి కట్టెలు. నీళ్ళలో ఉందేమో అని బాపట్ల నుంచి బిందెలు తెప్పించాడు. చేసిన ప్రతిసారీ నా అరచేతిలో ముక్క పెట్టి, "ఆ రోజు ఆయన ఇంకేమన్నా అన్నాడేమో గుర్తు తెచ్చుకో" అనేవాడు. నేను గుర్తు తెచ్చుకునేవాణ్ణి. ఒక ఏడు ఆ పెద్దాయనకి మీసం పెట్టాను, ఇంకో ఏడు ఒక కన్ను తీసేశాను. పెళ్ళివంటల్లో మాత్రం హల్వా ఎవరడిగినా బావ ఒప్పుకోలేదు. సరిగా రాని వస్తువు విస్తట్లో వెయ్యనన్నాడు.

శనివారం ఏడింటికి కారు వాకిట్లో ఆపేసరికి ఆయన ఉతికిన చొక్కా, మెడలో తువ్వాలుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో స్టీలు డబ్బా. పుండు నొప్పికి నాలుగు రోజులుగా జావ తప్ప తాగని మనిషి, డాక్టరు మాట విన్న రోజే గోధుమలు నానబెట్టి హల్వా చేశాడని అక్క చెప్పింది. తిప్పడానికి తన చెయ్యి కూడా పడనివ్వలేదట.

దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అద్దాలు ఎత్తినా ఘాటు లోపలికొచ్చింది. బావ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గితే నోట్లో మంట. అక్క వెనక సీట్లోంచి అడుగుతూనే ఉంది, ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడంటావా అని. ఉంటే నూరేళ్ళకి దగ్గరపడి ఉంటాడన్నాను. పోయి ఉండొచ్చన్నాను. కొట్టు ఎత్తేశారని ఎవరో అన్నట్టు గుర్తన్నాను. చెరుకుపల్లి దగ్గర టీకి ఆపి, వంతెన మీద రిపేర్లు జరుగుతున్నాయట, మనల్ని పోనిస్తారో లేదో అన్నాను. టీకొట్టు ఆమె గ్లాసులు కడుగుతూ, పొద్దున్నే మా ఆయన ఆ వంతెన మీదనుంచే వచ్చాడే, ఏ రిపేర్లండీ, అంది. నా జీవితంలో నా కథని అంత తొందరగా చంపిన మనిషి లేదు.

"పోనీలేరా," అన్నాడు బావ. "పెద్దాయన లేకపోతే కొడుకుంటాడు. చెయ్యి కొడుక్కి రాకుండా పోదు."

బందరు చేరేసరికి పదిన్నర అయింది. నాకు కావలసింది ఒక అరగంట. వీళ్ళని ఎక్కడో దింపి, ముందు నేనొక్కణ్ణే కొట్టుకి వెళ్ళి, అక్కడ ఎవరుంటే వాళ్ళ కాళ్ళు పట్టుకుని, ఏదో ఒకటి చెప్పించాలి. ఇంత దూరం వచ్చి డచ్చివాళ్ళ సమాధులు చూడకపోతే ఎట్లా అన్నాను. అక్క నా వంక అదోలా చూసింది. అయినా దిగారు. గోడల మధ్య పొడుగాటి నల్లరాళ్ళు, వాటి మీద ఎవరికీ చదవడం రాని అక్షరాలు, ఒక రాయి మీద పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు. సముద్రం దాటి బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. ఇంకోరోజైతే వాళ్ళలో ఒకడి చేత పొగాకు చుట్టించి, మా తాతకి అప్పగించే కథ ఒకటి అల్లి ఉండేవాణ్ణి. ఆ రోజు ఒక్క ముక్క రాలేదు. బావ పుర్రె ఉన్న రాయి పక్కన నిలబడి, దాని దవడ భాగం మీద వేలు పెట్టి తడిమాడు.

పార్కింగు చూసుకుని వస్తానని చెప్పి నేను ఊళ్ళోకి వెళ్ళాను.

ఆ వీధిలో వరసగా మిఠాయి కొట్లే. అద్దాల బీరువాల్లో లడ్లు గోపురాల్లా పేర్చి ఉన్నాయి, పళ్ళేల్లో నల్లటి హల్వా నెయ్యోడుతోంది, బస్సులాపి దిగిన జనం డబ్బాలు కట్టించుకుంటున్నారు. నేను వెతికిన కొట్టు అక్కడే ఉంది. గల్లా దగ్గర నా వయసు మనిషి. పెద్దాయన పోయి పదేళ్ళు దాటిందనీ, తను కొడుకుననీ చెప్పాడు. నేను దాచకుండా అంతా చెప్పాను. అబద్ధాన్ని నిజంగా చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయన పొట్లం కడుతూనే విన్నాడు.

"మా నాన్న రుచి చూశాడని చెప్పారా?" అన్నాడు చివరికి.

"అవునండీ."

"ఆయనకి షుగరండీ. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తీపి ముట్టలేదు. మా సొంత హల్వానే ముట్టలేదు."

సరే, ఆయన రుచి చూశాడో లేదో వదిలెయ్యండి, మీరు ఒక మాట చెప్పండి చాలు, ఫలానాది తక్కువైందని నాన్న అనేవాడని చెప్పండి, అని బతిమాలాను. ఆ మనిషి ఒప్పుకున్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. "సరే, ఏది తక్కువైందని చెప్పమంటారు?" అని అడిగాడు.

నాకేమీ తోచలేదు. ఏలకులా, జాజికాయా, మంటా, కళాయా? అన్నీ బావ ముప్పై ఏళ్ళలో చూసేశాడు. ఏది చెప్పినా, అది ఫలానా ఏడు వేశాను కదరా అంటాడు. కాకిని ఆకాశంలో నిలబెట్టినవాణ్ణి, నాకు ఒక్క దినుసు దొరకలేదు. నేను అట్లా నోరు తెరుచుకుని నిలబడి ఉండగానే ఆటో ఆగింది. బావ డబ్బాతో దిగాడు, వెనకాల అక్క. అరగంటసేపు చచ్చినవాళ్ళ మధ్య ఏం కూర్చుంటాం అంది.

బావ నన్ను దాటుకుని మెట్టెక్కాడు. డబ్బా బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ జోడించి, ముద్దగా వచ్చే మాటల్ని ఒక్కొక్కటే పేర్చుకుంటూ, ముప్పై ఏళ్ళ కిందట నాన్నగారు ఫలానా మాట అన్నారు, దానికోసం వచ్చాను, అన్నాడు. సోమవారం సంగతి కూడా చెప్పాడు. కొట్టాయన నా వంక చూశాడు. ఆ చూపులో, ఇంత మనిషికి నేనేం చెప్పను అనే ప్రశ్న ఉంది. నేను తల దించుకున్నాను.

ఆయన చేతులు తుడుచుకుని, "నాన్నకి షుగరండీ, ఎవరిదీ రుచి చూసేవాడు కాదు," అన్నాడు మెల్లగా. "నన్ను చూడమంటే చూస్తాను."

బావ మూత తీశాడు. కొట్టాయన ముక్క తుంచి వేళ్ళమధ్య లాగి చూశాడు, వాసన చూశాడు, నోట్లో పెట్టుకున్నాడు. పాలు ఎంతసేపు తేరనిచ్చారని అడిగాడు. ఒక రాత్రి, ఒక పగలు అన్నాడు బావ. మేమూ అంతేనండీ అన్నాడు. నెయ్యి ఎన్నిసార్లుగా పోశారన్నాడు. బావ వేళ్ళు చూపించాడు. ఇద్దరూ ఇంకా ఏవేవో ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు, నేను అక్కడ లేనట్టే.

"ఏం తక్కువైంది?" అని అడిగాడు బావ.

"ఏమీ తక్కువ కాలేదండీ. నా పళ్ళెంలో పెడితే మా ఇంట్లోవాళ్ళే తేడా కనుక్కోలేరు."

తర్వాత ఆయన తన హల్వా చిన్న ముక్క బావకి ఇచ్చాడు. బావ దాన్ని పుండు లేనివైపు పెట్టుకున్నాడు. తీపి తగిలేసరికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి, నొప్పికి. తువ్వాలుతో తుడుచుకుని, మళ్ళీ చప్పరించాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. ఆ పైన తలూపి, తన డబ్బా మూత పెట్టి, ఆయనకి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. నా వైపు చూడలేదు.

కారు చల్లపల్లి చేరింది. అక్కడ అక్క వెనకనుంచి మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది.

"చిలకలూరిపేటలో మిఠాయి కొట్టు మాట్లాడుకున్నాడురా ఈయన అప్పుడు. బస్టాండు ఎదురుగా. తోడు ఒక ధాన్యం షావుకారు కొడుకు. బోర్డు మీద ఏం రాయించాలో కూడా అనుకున్నారు. బందరు ఆయన సరే అంటే మొదలుపెడదామన్నాడు. నువ్వొచ్చి ఆ మాట చెప్పావు. సరిగా రాని చేత్తో కొట్టేంటని మానేశాడు."

నాకు ఈ సంగతి తెలియదు. నిజంగానే తెలియదు. ఆ మాటే అన్నాను. ముప్పై ఏళ్ళు గాడిపొయ్యి పొగలో నిలబడి, బుగ్గన పొగాకు పెట్టుకున్న మనిషి పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. కొట్టు పెట్టుకుని ఉంటే పొగాకు జోలికి పోయేవాడు కాదని నేను అనలేను, గల్లా దగ్గర కూర్చుని కూడా నమిలేవాళ్ళున్నారు. కానీ ఆ లెక్క వేసుకోకుండా ఉండడం నావల్ల కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

వంతెన మధ్యలో బావ నా మోచెయ్యి తట్టాడు. ఆపాను. కింద నీళ్ళు పలచబడి ఇసక తిన్నెలు తేలి ఉన్నాయి. అవతలి ఒడ్డున పాత రేవు మెట్లు కనిపిస్తున్నాయి.

"ఎక్కడ తిన్నావు?" అన్నాడు.

ఎప్పుడు తెలుసుకున్నాడో, కొట్లోనే అర్థమైపోయి ఉంటుంది. నేను ఆ మెట్ల వైపు చెయ్యి చూపించాను.

"ఎట్లా ఉంది?"

నేను చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. కొంచెమే అనుకుని విప్పామనీ, అరటాకు నాకామనీ, నాతో ఉన్న కుర్రాళ్ళు ఇది ఎవరు చేశారని పడవ దిగేదాకా అడుగుతూనే ఉన్నారనీ, ఆ రోజు బందరులో ఆ పేరున్న కొట్లో హల్వా కొనుక్కుని తింటే దీని ముందు నిలవలేదనీ. అంతకంటే మంచిది నేను తినలేదని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే వినిపించింది. మిరపకాయ గురించి చెప్పేటప్పుడూ, గేదె గురించి చెప్పేటప్పుడూ ఉండే గొంతే అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చూపు తిప్పాలో తెలిసిన గొంతు. నాకున్నది ఒక్కటే గొంతు.

బావ అంతా విన్నాడు.

"ఇదీ కథేనా?" అన్నాడు.

కాదు బావా అన్నాను. అక్క మీద ఒట్టన్నాను. ఆయన నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన నోటినుంచి నేను విన్న ఆఖరి ప్రశ్న అదే. ఆదివారం బంధువులు వచ్చారు, ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. సోమవారం చేర్చాం.

ఆపరేషన్ అయ్యి నెలలు గడిచాక, జావ పొయ్యడానికి ముక్కులో పెట్టిన గొట్టం తీశారు. ఇప్పుడు మెత్తగా కలిపింది మింగగలడు. మాట రాదు, చేతులతో చెబుతాడు, అక్కకి అన్నీ అర్థమవుతాయి. మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలయ్యేసరికి ఊరుకోలేక వచ్చేశాడు. పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. నాలిక లేని వంట మేస్త్రి ఏం చేస్తాడని ఎవరో గొణిగితే, నాలిక ఉన్నప్పుడు మాత్రం ఆయన రుచి ఎక్కడ చూశాడు, అంది అక్క.

మొన్న మా ఊళ్ళోనే ఒక పెళ్ళి. పప్పుచారు తెర్లుతోంది. బావ వంగి వాసన పట్టాడు, గరిటెతో తీసి జారుడు చూశాడు. నేను ఎప్పటిలాగే పక్కన నిలబడి, అరచెయ్యి చాచాను. గరిటె నా చేతి దాకా వచ్చింది. ఆయన ఒకసారి నా మొహం వంక చూశాడు. కోపమేమీ లేదు. గరిటె నా చేతి మీదుగా దాటి, అవతల వంకాయలు తరుగుతున్న ఆమె వైపు వంగింది. ఆమె గబగబా కొంగుతో చెయ్యి తుడుచుకుని పట్టింది.

ఉప్పు చాల్లేదండీ, అంది.

బావ ఉప్పు వేశాడు. నేను చెయ్యి ఇంకా చాచే ఉన్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.